ఫైబర్ కి ఐపీవీ6 ఉన్నా ఆ పిల్లోడు రిలే ఎందుకు పెట్టలేకపోయినాడు

ఎడిటర్ గారికి నమస్కారం.

నెట్ లో ప్రతి ఫోన్ కీ, కంప్యూటర్ కీ ఇచ్చే కొత్త రకం అడ్రస్ ఐపీవీ6, దాని వాడకంలో మన దేశం ముందు వరసలో ఉందని మొన్న మీ పేపర్లో చదివినా. నిజమే సార్, జియో వచ్చినాక ఫోన్లకి కొత్త అడ్రసులే వస్తా ఉండాయి, గూగుల్ లెక్కలో మనం 70 శాతం కూడా దాటేసినాం. అది చదివి మా వీధిలో ఇంజనీరింగ్ పిల్లోడొకడు వచ్చి "అన్నా, మా ఇంటి ఫైబర్ కి ఐపీవీ6 ఉండాది, నేను కూడా టార్ రిలే పెట్టొచ్చా" అని అడిగినాడు. టార్ అంటే నెట్ లో మనమెవరో తెలీకుండా దాచే నెట్ వర్క్, రిలే అంటే అందులో డేటాని ముందుకి అందించే ఒక సర్వర్. ఇప్పుడే కుదరదురా అని చెప్పాల్సొచ్చింది, వాడి మొహం చూసి నాకే కష్టమనిపించి ఈ ఉత్తరం రాస్తా ఉండా.

టార్ పేరెత్తితే దొంగల నెట్ అనే రాస్తారు, నాకది చానా బాధ. 1990ల్లో అమెరికా నేవీ రీసెర్చ్ ల్యాబ్ లో పుట్టిన ఆలోచన అది, ఇప్పుడు ప్రపంచమంతా వాలంటీర్లు వేల రిలేలు సొంత ఖర్చుతో నడుపుతా ఉండారు, మన డేటా మూడు రిలేలు దాటి పోతుంది, ఏ ఒక్క రిలేకీ ఎవరు పంపినారు, ఎక్కడికి పోతుంది అనే రెండూ కలిపి తెలీవు. సెన్సార్ ఉన్న దేశాల జనానికి, విలేకర్లకి, ఇంట్లో మొగుడు ఫోన్ చెక్ చేస్తాడని భయపడే ఆడోళ్లకి అదే దిక్కు. నేనూ మూడేళ్లుగా అద్దె సర్వర్ మీద ఒక మధ్య రిలే నడుపుతా ఉండా.

ఇందులో ప్రతి రిలే మిగతా ఏ రిలేతో అయినా నేరుగా మాట్లాడగలగాలి. పాతవాటిలో చానా వాటికి ఐపీవీ4 అనే పాత రకం అడ్రస్ ఒక్కటే ఉండాది, అందుకే రిలే పెట్టాలంటే పాత అడ్రస్ తప్పనిసరి, కొత్తది దానికి తోడుగా మాత్రమే. పాత అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్లే, పంచడానికి పై స్థాయిలో ఉన్న స్టాకు 2011లోనే అయిపోయింది, కాబట్టి ఇళ్ల కనెక్షన్లలో చానా వరకు ఒకే పాత అడ్రస్ ని ఎంతోమందికి కలిపి ఇస్తారు, బయటి నుంచి మనింటికి కనెక్షన్ రాదు. పిల్లోడి దగ్గర ఉన్న కొత్త అడ్రస్ కి ఆ బాధే లేదు, కానీ అదొక్కటే ఉంటే చెల్లదు.

మరి అందరూ ఒకేసారి కొత్తదానికి మారిపోవచ్చు కదా అంటారు. కొండ మీద కళ్యాణకట్ట దగ్గర నిలబడి చూడండి, వెయ్యి గుండ్లలో మనోడి గుండు ఏదో కన్నతల్లి కూడా తడుముకుంటుంది, అదే అక్కడ పది మందే ఉంటే ఇట్టే పట్టేస్తారు. టార్ కి ఆ గుంపే బలం. కొత్త అడ్రసుల వాళ్లు ఒక చిన్న గుంపుగా విడిపోతే వాళ్లని కనిపెట్టడం తేలికైపోతుంది. ఇంకోటి, పాత అడ్రస్ కి డబ్బు పెట్టాలి, ఒక అడ్రస్ మీద ఇన్ని రిలేలే అని లిమిట్ కూడా ఉండాది, కాబట్టి ఒకడే వంద మంది లాగా వేషం కట్టడం కష్టం. కొత్త అడ్రసులు ఒక్కో ఇంటికే కోట్ల కోట్లు వస్తాయి, ఆ లెక్కలు మళ్లీ ఆలోచించకుండా గేటు తెరిస్తే నష్టపోయేది దాన్ని నమ్ముకున్నోళ్లే. నిదానంగా పోవడం సరైన పనే అని నా అభిప్రాయం.

కానీ నిదానం పేరుతో ఇది తిరుపతి క్షవరం కాకూడదు. 2021లో వచ్చిన 0.4.5 వర్షన్ నుంచి రిలే తన కొత్త అడ్రస్ తనే కనుక్కుని, బయటి నుంచి అందుతుందో లేదో కూడా చూసుకుంటుంది, సాఫ్ట్ వేర్ రాసేవాళ్లు వాళ్ల పని చేసినారు, మిగిలింది నడిపేవాళ్లం. నేను అంతకుముందు అడ్రస్ చేత్తో రాసి, పాత అడ్రస్ వైపు రాకపోకల్ని కాపలా కాసే ఫైర్ వాల్, ఐపీటేబుల్స్ లో పోర్టు తెరిచి, కొత్తదాని వైపు ఉండే ఐపీ6టేబుల్స్ లో తెరవడం మర్చిపోయినా. పని చేసే రిలేల లిస్టు గంట గంటకీ తయారు చేసే టార్ డైరెక్టరీ సర్వర్లకి కొత్త అడ్రస్ అందక నా రిలేని మొత్తానికే పక్కన పెట్టేసినాయి, రెండ్రోజులు నాకు తెలీనే లేదు. కాబట్టి ఫైర్ వాల్ రెండు వైపులా చూసుకోండి. ఇంతకుముందు నేను వాడిన హోస్టింగ్ వాళ్లనయితే ఐపీవీ6 ఇవ్వమని నాలుగు సార్లు అడిగినా, సైట్ పని చేస్తోంది కదా ఇంకెందుకు అన్నారు, ఆ మాట వినే వేరే చోటికి మారిపోయినా.

మన తిరుపతి, చిత్తూరు వైపు సర్వర్లు నడిపేవాళ్లకి నా మనవి, మీ రిలేకి కొత్త అడ్రస్ కూడా పెట్టండి, మీ హోస్టింగ్ ఇవ్వకపోతే గట్టిగా అడగండి. కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ ఐపీవీ4 సబ్ నెట్ లెక్కల దగ్గరే ఆపేస్తా ఉండారు, కొత్తది కూడా పిల్లోళ్ల చేత చేయించండి.

ఆ పిల్లోడికి స్నోఫ్లేక్ చెప్పినా, అది బ్రౌజర్ లో పెట్టుకునే చిన్న ఎక్స్ టెన్షన్, సొంత పాత అడ్రస్ లేకపోయినా పని చేస్తుంది, టార్ బ్లాక్ అయిన చోట ఉన్నోళ్లకి మన కనెక్షన్ మీదుగా దారి ఇస్తుంది. ఆ రాత్రే పెట్టినాడు. పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, తొమ్మిది మంది పోయినారు నా మీదుగా" అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి