రెండొందల కోట్ల ఏళ్ల నాటి పొయ్యి

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఖరగ్‌పూర్‌లో ఎలా ఉన్నారు? చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఒక్క లైటు వెలుగుతోంది, అందుకే ఫోన్ పక్కన పడేసి కాగితం తీశాను.

మొన్న రణస్థలంలో మీ మేనకోడలి పెళ్లి భోజనాల దగ్గర కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చింది గుర్తుందా? "ఆరు రియాక్టర్లు పెడతామంటున్నారు, సరే. కాలిపోయిన ఇంధనాన్ని లక్ష ఏళ్లు కాపాడాలంటున్నావు. లక్ష ఏళ్లు కాచి చూసినవాడు ఎవడ్రా?" అని బంతిలో అందరి ముందూ అడిగావు. పిల్లలకి జియాలజీ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి, గులాబ్‌జామ్ నోట్లో ఉందని తప్పించుకున్నాను. అప్పటినుంచీ అది పంటిలో ఇరుక్కున్న మామిడి పీచులా వదలడం లేదు.

కాచి చూసిన మనిషైతే లేడు. కానీ రాళ్లు చూశాయి.

1972లో ఫ్రాన్స్‌లో పియెర్‌లాట్ కర్మాగారంలో యురేనియం తూకాలు తేల్చేవాళ్లకి ఒక చిన్న తేడా కనబడింది. ఏ గనిలోదైనా వందకి 0.720 పాళ్లు యురేనియం-235, అంటే రియాక్టర్లో మండే రకం, ఉండాలి. ఆఫ్రికాలో గాబన్ దేశం, ఓక్లో గని నుంచి వచ్చిన దాంట్లో 0.717 ఉంది. మన కిరాణా కొట్టులో అయితే ఆ తేడాకి ముక్కు కూడా చీదరు. వాళ్లు మాత్రం ఎక్కడ పోయిందని విచారణ మొదలుపెట్టారు. తీరా చూస్తే దొంగ ఎవడూ లేడు. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఆ గనే రియాక్టర్‌లా మండింది! అప్పట్లో ఆ 235 రకం మూడు శాతం పైనే ఉండేది, మనం ఇప్పుడు కష్టపడి ఆ శాతం పెంచి రియాక్టర్లో పెట్టేంత. రాతిలోకి నీరు ఊరితే చర్య మొదలవుతుంది, వేడికి నీరు ఆవిరైతే ఆగిపోతుంది. అరగంట మంట, రెండున్నర గంటల విరామం అని అందులో చిక్కుకున్న జెనాన్ వాయువును బట్టి లెక్క తేల్చారు. ఎసరు ఇగిరితే పొయ్యి ఆరడం, నీళ్లు పోస్తే అంటుకోవడం! మా అమ్మకి చెబితే "గేసు బండ ఎంత ఆదా" అంది.

నీ ప్రశ్నకి పనికొచ్చేది ఆ తర్వాతి సంగతి. ఆ పొయ్యిలో పుట్టిన ప్లుటోనియం దాదాపు పుట్టినచోటే ఉండిపోయింది. ఆ మంటలోనే పుట్టిన నియోడిమియం లాంటి లోహాలూ అంతే. డ్రమ్ము లేదు, గోడ లేదు, కాపలా అసలే లేదు. కెనడాలో సిగార్ లేక్ అని ఇంకో చోటుంది. 130 కోట్ల ఏళ్ల నాటి చాలా చిక్కని యురేనియం ఖనిజం, నాలుగు వందల మీటర్ల పైచిలుకు లోతులో, చుట్టూ బంకమట్టి. పైన నేల మీద రేడియేషన్ మీటరు పెట్టి తిరిగితే కింద ఏదో ఉందన్న జాడే తగలదు. లోతులో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఉండదు, అది లేని నీళ్లలో యురేనియం దాదాపు కరగదు. మట్టేమో నీటిని కదలనివ్వదు. ఫిన్లాండ్ వాళ్లు తమ అణు వ్యర్థాల పాతర ఓంకలో దగ్గర అంతే లోతులో, రాగి డబ్బాల చుట్టూ బెంటొనైట్ మట్టి కూరే ఏర్పాటు చేసుకున్నది ఈ లెక్కతోనే. మీ తాత ధాన్యం పాతర గుర్తొచ్చింది నాకు. గొయ్యి, గడ్డి, పైన మట్టి. తెరిచిన రోజున దీపం దింపి చూశాకే మనిషిని దిగనిచ్చేవాడు కదా.

ఇక్కడితో ఆపేస్తే నేను కంపెనీ ఏజెంటునైపోతాను. ఓక్లోలో అన్నీ ఆగలేదురా. సీసియం, స్ట్రాన్షియం, అయోడిన్ చాలావరకు జారుకున్నాయి. మొదటి రెండింట్లో మనకి ముఖ్యమైన రకాల సగం ఆయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, ముప్ఫై ఏళ్లే కాబట్టి, డబ్బా మూడు నాలుగు వందల ఏళ్లు నిలిస్తే చాలావరకు గండం గడిచినట్టే. అయోడిన్-129 అలా కాదు, దాని సగం ఆయువు కోటిన్నర ఏళ్ల పైనే.

ఇంకో అనుమానం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మనం చూస్తున్నవి మిగిలిన నిక్షేపాలు. కరిగిపోయి కొట్టుకుపోయినవి ఎన్నో మనకి కనబడవు కదా! 2018లో తిత్లీ తుఫాను వెళ్లాక ఉద్దానంలో నిలబడ్డ నాలుగు చెట్లను చూపించి "కొబ్బరి గాలికి పడదు" అంటే మీ మామ కర్ర తీసుకోడూ? అందుకే ఓక్లో నిలిచింది కాబట్టి ఎక్కడ పాతినా నిలుస్తుందనడం నాకు నచ్చదు. ఏ రాయి, ఏ నీరు, ఎంత లోతు అన్నది చోటు చోటుకీ విడిగా చూసుకోవాల్సిందే. మన దేశంలో వ్యర్థాన్ని గాజులో కలిపి ముద్దచేసి భద్రపరుస్తున్నారు గానీ, లోతైన శాశ్వత పాతర ఇంకా లేదు. కొవ్వాడ గురించి నన్ను అవునా కాదా అని అడిగితే, ముందు ఆ పాతర ఎక్కడో చూపించమంటాను. పెళ్లిలో ఈ మాటే అని ఉండాల్సింది.

అన్నట్టు, ఇలాంటి సాక్షి మన గుమ్మంలోనే ఉంది. కళింగపట్నం ఇసుకలో నల్లటి చారల మధ్య పసుపు-గోధుమ రంగు గింజలుంటాయి చూశావా, మోనజైట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చినవి. కోట్ల ఏళ్లుగా పొట్టలో థోరియం పెట్టుకుని, ఆ రేడియేషన్ దెబ్బలు తింటూ కూడా స్ఫటికం చెడకుండా ఉంటాయి. వ్యర్థాన్ని అలాంటి పింగాణీలో బంధిస్తే ఎలా ఉంటుందని శాస్త్రవేత్తలు చూస్తున్నారు. సంక్రాంతికి వస్తే తీసుకెళ్లి చూపిస్తాను. జేబులో మాత్రం పోసుకోకు, లైసెన్సు లేకుండా తీయకూడదు.

కరెంటు వచ్చింది, దోమలూ వచ్చాయి. టిక్కెట్లు ఇప్పుడే చేయించు, పండగ వారం ఏ రైల్లోనూ దొరకవు. రసగుల్లా డబ్బా మర్చిపోతే స్టేషన్‌కి రాను.

నీ
పాత బెంచీ బావ