బయానా ఇచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి

మన కస్టమర్లందరికీ నమస్కారమండీ. విజయవాడలో పన్నెండేళ్ల నుంచి ఇళ్లు కడుతున్నాం, జీ ప్లస్ వన్, జీ ప్లస్ టూ, అంటే కింది అంతస్తు మీద ఒకటో రెండో, అంతకంటే పెద్ద పనులు ఎప్పుడూ పెట్టుకోలేదు. ఈ కార్తీకం నుంచి పని ఒప్పుకునే పద్ధతి మారుస్తున్నాం, ఎందుకో దాచకుండా చెప్పాలని రాస్తున్నా.

ఇప్పటిదాకా మీరు స్థలం కొని రిజిస్ట్రేషన్ అయ్యాక ప్లాన్ పట్టుకుని వస్తే, చదరపు అడుక్కి ఇంత అని పునాదితో కలిపి ఒకటే రేటు చెప్పేసేవాడిని. పోయినేడాది నున్న వైపు ఒకాయనకి అలాగే చెప్పా. మూడు సెంట్లు, అంటే 145 గజాలు, తూర్పు ఫేసింగ్, వాస్తు బాగా కుదిరింది, నేనూ ఓ పది నిమిషాలు నిలబడి చూసి వచ్చేశా. తీరా జేసీబీ పెట్టి తవ్వితే ఐదడుగుల దాకా ఎక్కడినుంచో తెచ్చి పోసిన మట్టి, పాత బిల్డింగులు పగలగొట్టిన రద్దు, దాని కింద నల్లరేగడి. రేగడి వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిచ్చి కుంగుతుంది, దానిమీద మామూలు ఫుటింగ్ వేస్తే గోడలు బీటలు తీస్తాయి. ఇంజనీరు గారు డిజైన్ మొత్తం మార్చాల్సి వచ్చింది, పునాది ఖర్చు దాదాపు రెట్టింపు. పెరిగినదాంట్లో ఇల్లు కట్టించుకునే ఆయన సగం, నేను సగం పెట్టుకున్నాం, కానీ ఆయన సగం అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బులోంచి తీశారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నాకు మనసు బాలేదు. తప్పు నాదే, గొయ్యి తీయకుండా రేటు చెప్పకూడదు.

అందుకని ఇకమీదట స్థలంలో రెండు మూలల ఆరడుగుల గొయ్యిలు తీయించి, మట్టి చూశాకే పునాదికి విడిగా రేటు, పైన కట్టుబడికి విడిగా రేటు ఇస్తాం. గొయ్యిల ఖర్చు మాదే. మట్టి అనుమానంగా ఉంటే ల్యాబ్ టెస్ట్ మీరు చేయించుకోవాలి, అది తప్పించుకోవద్దు.

అసలు నేను అడిగేది ఇంకొకటుంది. కొన్నాక కాదు, బయానా ఇవ్వకముందే నన్ను పిలవండి. సిటీలో ఎక్కడైనా సరే వచ్చి చూస్తా, డబ్బులేం వద్దు, ఇల్లు మాతోనే కట్టించాలని కూడా లేదు.

2024 సెప్టెంబర్ 1 మన ఊళ్లో ఎవరూ మర్చిపోలేరు. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి, అటు కృష్ణ కూడా నిండుగా ఉంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఇక బుడమేరు నీళ్లు నదిలోకి పోవడానికి దారేది, సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నిలబడిపోయాయి. ఇప్పుడు ఆ గోడలకి రంగులేసేశారు, నీటి మరకలు కనపడవు, ఖాళీ స్థలాలు మెరక చేసి అమ్ముతున్నారు. అమ్మేవాళ్లని అడిగితే ఇక్కడికి చుక్క రాలేదనే అంటారు. వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి, ఇస్త్రీ బండి అబ్బాయిని అడగండి, నీళ్లు మోకాలి దాకానా నడుము దాకానా వాళ్లే కరెక్టుగా చెప్తారు. నేను ఏ స్థలానికెళ్లినా ముందు చేసేది అదే. తర్వాత రోడ్డు లెవెల్ చూస్తా, ఎందుకంటే రోడ్డు మళ్లీ మళ్లీ వేసేకొద్దీ పైకి లేస్తుంది, ఇల్లేమో అక్కడే ఉంటుంది, పదేళ్లకి వాన నీళ్లు గేటు లోపలికొస్తాయి.

వాస్తు చూపించుకోండి, మా ఇంటికి నేనూ చూపించుకున్నా. కానీ సిద్ధాంతి గారు దిక్కులు చూస్తారు, కింద మట్టి చూసే మనిషి కూడా ఒకరుండాలి కదండీ.

కాయితాలు నా పని కాదు, లాయరు గారికే చూపించండి. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే కాయితం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో (22ఏ అంటారు) ఉందేమో, లేఅవుట్‌కి అప్రూవల్ ఉందా, ఇవి మాత్రం తప్పనిసరి. అప్రూవల్ లేని చోట కొని ప్లాన్ కోసం, బ్యాంకు లోన్ కోసం తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లని చాలామందిని చూశా.

ఈ పద్ధతి వల్ల పనులు కొంచెం ఆలస్యంగా మొదలవుతాయి. సంక్రాంతి లోపు రెండు ఇళ్లే ఒప్పుకుంటున్నాం, ఇప్పటికే మాట ఇచ్చినవాళ్ల రేట్లు మారవు. స్థలం చూడ్డానికి పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు వస్తా, మీరు వచ్చేటప్పుడు స్థలం దస్తావేజు జిరాక్సు తెచ్చుకోండి, హద్దులు కూడా టేపు పెట్టి కొలిచేద్దాం.