సుంకాల గొడవలో సేవలను మరవకండి: వాణిజ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అమెరికాతో వాణిజ్య చర్చలనగానే రొయ్యలు, జౌళి, ఉక్కు మీదే అందరి దృష్టీ. కానీ 2024-25లో ఐటీ వంటి మన సేవల ఎగుమతులు సుమారు 387 బిలియన్ డాలర్లు. బెంగళూరు వైట్‌ఫీల్డ్, ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఆ ఎగుమతుల ఇన్‌వాయిస్‌లు, పన్నులు, వీసాలు చూసే తెలుగువాళ్లం మేం.

సేవలు ఓడరేవులో దిగవు, కాబట్టి వాటికి అడ్డు కస్టమ్స్ సుంకంగా రాదు. 2025 సెప్టెంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర సెనేటర్ బెర్నీ మొరెనో పెట్టిన ‘హైర్’ బిల్లే చూడండి. విదేశాలకిచ్చే పనుల చెల్లింపుపై 25 శాతం ఎక్సైజ్ పన్ను అన్నది అందరికీ తెలిసిందే. అసలు దెబ్బ ఇంకో నిబంధనలో ఉంది: ఆ చెల్లింపును కంపెనీ పన్ను లెక్కల్లో తన ఖర్చుగా చూపకూడదు. ఇవాళ 100 డాలర్ల ఇన్‌వాయిస్ కడితే, 21 శాతం కార్పొరేట్ పన్ను ఆదా పోను కంపెనీ మీద పడేది 79. బిల్లు చట్టమైతే 125. అంటే 58 శాతం ఎక్కువ! రేటు తగ్గించి ఈ తేడా పూడ్చగల వెండర్ బెంగళూరులో లేడు. ఇక్కడ సొంత జీసీసీ (తమ పనులు తామే చేసుకునే అనుబంధ కేంద్రం) పెట్టుకున్న అమెరికా కంపెనీలకూ ఊరట ఉండదు, అనుబంధ సంస్థ కూడా అక్కడి చట్టానికి విదేశీ సంస్థే.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో తేల్చుకుందామంటే, అక్కడ అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఓడినవారు అప్పీలు వేస్తే తీర్పు అక్కడే ఆగిపోతుంది. అమెరికా వీసా ఫీజులపై 2016లో మనం వేసిన కేసు సంప్రదింపులు దాటలేదు. అందుకే ద్వైపాక్షిక ఒప్పందంలోనే రాయించండి: స్థానిక సేవకు లేని పన్ను గానీ, ఖర్చు మినహాయింపు నిరాకరణ గానీ మన సేవకు ఉండకూడదని.

రెండోది సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి పింఛను పథకానికి జీతం నుంచి కట్టే పన్ను. మెడికేర్ అనే ఆరోగ్య బీమాతో కలిపి హెచ్-1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) ఉద్యోగి 7.65 శాతం, యజమాని మరో 7.65 శాతం కడతారు. పింఛనుకు 40 క్వార్టర్లు, అంటే పదేళ్లు పనిచేయాలి. వీసా మామూలుగా ఆరేళ్లే. మధ్యలో తిరిగొచ్చినవాళ్ల సొమ్ము అక్కడే ఉండిపోతుంది. దీన్ని సరిదిద్దే సామాజిక భద్రతా ఒప్పందం మనకు జర్మనీ, ఫ్రాన్స్, జపాన్‌లతో ఉంది, అమెరికాతో మాత్రం లేదు; అదీ కుదర్చండి.

ఉత్త చేతులతో అడిగితే ఎవరూ ఇవ్వరు, మనమూ కొన్ని తలుపులు తెరవాలి. విదేశీ లాయరు మన కోర్టులో వాదించలేడు, విదేశీ ఆడిట్ సంస్థ సంతకం ఇక్కడ చెల్లదు. ఇది చెప్తే మన వృత్తి సంఘాలకు కోపం రావచ్చు, అయినా కొంత సడలించక తప్పదు. ప్రభుత్వ కొనుగోళ్ల సంగతీ అంతే. 2010లో ఒహాయో ప్రభుత్వం తన ఐటీ పనులు విదేశాలకు వెళ్లకుండా నిషేధించింది. డబ్ల్యూటీవోలోని ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో మనం సభ్యులం కాము కాబట్టి, ఇలాంటి నిషేధాలను ఆ ఒప్పందం కింద ప్రశ్నించే హక్కు మనకు లేదు.

తదుపరి విడత చర్చలకు వెళ్లే బృందంలో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు సంస్థల మధ్య లావాదేవీలకు ధర కట్టడం) లెక్కలు చేతితో చేసినవారు ఒక్కరైనా ఉండేలా చూడండి. ముసాయిదా వాక్యాలపై సంతకానికి ముందే ఎగుమతిదారుల అభిప్రాయం తీసుకోండి.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు ఐటీ ఎగుమతి, పన్ను వ్యవహారాల ఉద్యోగులు