తెర మీద ఏపీఎం అంకె తీసేయండి

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ టెక్ ఫెస్టుల పుణ్యమా అని ఈ-స్పోర్ట్స్ పోటీలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకూ వచ్చాయి. మీ జిల్లా పేజీలు వాటికి చోటివ్వడం సంతోషం. ఒక్క విషయంలో మాత్రం వార్తలూ, నిర్వాహకులు పెట్టే పెద్ద తెరలూ కలిసి కుర్రాళ్లను దారి తప్పిస్తున్నాయి. రియల్ టైమ్ స్ట్రాటజీ ఆట (వంతులు లేకుండా అందరూ ఒకేసారి స్థావరం కట్టి, సైన్యం పెంచి పోరాడే కంప్యూటర్ ఆట) ఏది పెట్టినా ఆటగాడి పేరు పక్కన ఏపీఎం అంకె వేస్తున్నారు. నిమిషానికి ఎన్ని ఆదేశాలిచ్చాడన్న లెక్క అది. మర్నాడు ‘నిమిషానికి 300 క్లిక్కులు’ అని శీర్షిక వస్తుంది. అది చదివిన ఇంటర్ పిల్లాడు ఆ రాత్రి నుంచే కీబోర్డును టపటపలాడించడం మొదలుపెడతాడు.

ఒంగోలు గిత్తల బండలాగుడు చూసి పెరిగిన వాళ్లం మనం. అక్కడ ఇచ్చిన సమయంలో బండ ఎంత దూరం జరిగిందో కొలుస్తారు. గిత్త ఎన్నిసార్లు గిట్ట ఎత్తిందని ఎవరూ లెక్కపెట్టరు. ఏపీఎం లెక్కపెట్టేది గిట్టలనే.

పైగా ఆ అంకెను ఉబ్బించడం చాలా తేలిక. స్టార్‌క్రాఫ్ట్-2లో (మూడు జాతులు తలపడే అంతరిక్ష యుద్ధ ఆట అది) జెర్గ్ జాతి ఆడేవాడు సైనికులుగా మారే లార్వాలన్నింటినీ ఎంచుకుని, చిన్న సైనికులను పుట్టించే జెర్గ్‌లింగ్ మీటను అదిమిపెట్టి ఉంచితే చాలు, విండోసే ఆ మీటను మళ్లీ మళ్లీ పంపిస్తుంది. కీబోర్డ్ సెట్టింగుల్లో రిపీట్ డిలే తగ్గించి, రిపీట్ రేట్ చివరిదాకా పెంచితే సెకనుకు 30 దాకా వెళ్తాయి. వేలు కదిలింది ఒక్కసారే. ఇది మోసమేమీ కాదు, నిజంగా పనికొచ్చే అమరికే. కాని ఆ అంకె చూసి ‘చెయ్యి ఎంత వేగమో’ అనుకుంటే పొరపాటు. ఆట మొదటి రెండు నిమిషాల్లో పని తక్కువ కాబట్టి వేళ్లు వేడెక్కడానికి 1, 2, 1, 2 అని గ్రూపు మీటలు (సైన్యం గుంపులను ఎంచుకునేవి) ఊరికే కొట్టే అలవాటు పెద్ద ఆటగాళ్లలోనూ ఉంది. అవీ లెక్కలోకి వస్తాయి.

వేగానికి ఇంత పేరు రావడానికి కారణం లేకపోలేదు. 1998లో వచ్చిన మొదటి స్టార్‌క్రాఫ్ట్‌లో ఒకేసారి 12 యూనిట్లకు (సైనికులు, పనివాళ్లు వగైరా) మించి ఎంచుకోవడం కుదరదు. సైనికులను తయారుచేసే బ్యారక్స్ ఆరుంటే ఆరింటినీ విడివిడిగా నొక్కాలి. కొత్తగా పుట్టిన పనివాణ్ణి కూడా గని దగ్గరికి మనమే పంపాలి, లేకపోతే అక్కడే నిలబడతాడు. అలాంటి ఆటలో కొరియా ఆటగాళ్లు నిమిషానికి 300 దాటారంటే అది గొప్ప కోసం కాదు, అన్ని పనులు చేత్తో చేయాల్సి వచ్చి. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్-2 ఈ మూడు ఇబ్బందులనూ తీసేసింది. ఒక ఆట అంకెను ఇంకో ఆట అంకె పక్కన పెట్టి పోల్చడమే తప్పు.

దీనికి బహిరంగంగా జరిగిన పరీక్ష ఒకటుంది. డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ తయారుచేసిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రాము టీఎల్ఓ, మానా అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో స్టార్‌క్రాఫ్ట్-2 ఆడి ఇద్దరినీ 5-0తో ఓడించింది. ఈ ఫలితాలను 2019 జనవరిలో బయటపెట్టారు. సంస్థ ఇచ్చిన లెక్కల ప్రకారం ప్రోగ్రాము సగటు ఏపీఎం 277, మానాది 390, టీఎల్ఓది 678. అంటే ఎక్కువ అంకెలున్న ఇద్దరూ ఓడిపోయారు. (టీఎల్ఓ అంకె అంత ఉండటానికి కారణం పైన చెప్పిన మీట అదిమే అమరికే.) అయితే సగటు కూడా మొత్తం కథ చెప్పదు. కీలకమైన పోరు క్షణాల్లో ఆ ప్రోగ్రాము మనిషి చెయ్యి అందుకోలేని వేగంతో, గురి తప్పకుండా స్టాకర్లనే సైనికులను నడిపిందని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. తర్వాత దానికి కళ్లెం వేశారు. ఐదు సెకన్లకు 22 ఆదేశాలకు మించకూడదన్నారు. ఆ కళ్లెంతోనే అదే ఏడాది అక్టోబరుకల్లా మూడు జాతులతోనూ గ్రాండ్‌మాస్టర్ అనే అత్యున్నత స్థాయికి చేరి, ర్యాంకుల్లో ఉన్న 99.8 శాతం ఆటగాళ్లను దాటింది. నిమిషానికి చూస్తే 264 మాత్రమే.

ఇక ఆ 5-0 తర్వాత మానా గెలిచిన ఒక్క ఆట చూడండి. జనవరిలోనే, ప్రత్యక్ష ప్రసారంలో ఆడిన ప్రదర్శన పోటీ అది. వార్ప్ ప్రిజం అనే రవాణా వాహనంలో ఇమ్మోర్టల్స్ అనే బలమైన సైనికులను ఎక్కించి ప్రత్యర్థి స్థావరం వెనక దించడం, ప్రోగ్రాము తన సైన్యమంతా వెనక్కి తిప్పగానే మళ్లీ ఎక్కించుకుని తప్పుకోవడం. అలా దాన్ని ఇంటికీ గుమ్మానికీ తిప్పుతూ ఆ వ్యవధిలో తన సైన్యం పెంచుకున్నాడు. గానుగెద్దులా తిరిగింది ప్రోగ్రాము.

మన హాస్టళ్లలో ఎక్కువగా ఆడేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 కాబట్టి అసలు విషయం దాంట్లోనే చూపిస్తాం. టౌన్ సెంటర్ (ఊరి ప్రధాన కట్టడం) ఒక విలేజర్‌ను, అంటే పనివాణ్ణి, తయారుచేయడానికి 50 ఆహారం, ఆట గడియారంలో 25 సెకన్లు పడుతుంది. ఆన్‌లైన్ పోటీల వేగం 1.7 కాబట్టి మన చేతి గడియారంలో 15 సెకన్లకు కాస్త తక్కువ. ముగ్గురు విలేజర్లు, దారులు వెతికే ఒక స్కౌట్‌తో ఆట మొదలవుతుంది. 21 జనాభా దగ్గర ఫ్యూడల్ ఏజ్ (ఆటలో రెండో యుగం) నొక్కాలంటే ఇంకా 17 మంది రావాలి. దానికి 425 సెకన్లు. విలేజర్ల ప్రాణం పెంచే లూమ్ పరిశోధనకు 25. ఫ్యూడల్‌కు 130. మొత్తం 580, అంటే 9 నిమిషాల 40 సెకన్లు. మామూలు జాతులతో ఈ పద్ధతిలో అంతకన్నా ముందు చేరడం ఎవరివల్లా కాదు. ప్రపంచ ఛాంపియన్ అయినా, కందుకూరు కుర్రాడైనా అంతే. ఆలస్యమైన ప్రతి సెకనూ టౌన్ సెంటర్ ఖాళీగా కూర్చున్న సెకనే. మన పోటీల్లో చాలామంది పదిన్నర, పదకొండు నిమిషాలకు చేరుతున్నారు, పక్కన ఏపీఎం మాత్రం 150 చూపిస్తోంది!

ఎక్కడ పోతోంది ఆ నిమిషం? మొదటిది ఇల్లు. టౌన్ సెంటర్ ఐదుగురికే సరిపోతుంది, మొదట్లోనే నలుగురున్నారు. మొదటి విలేజర్ బయటికొచ్చే 25 సెకన్లలోపు ఒక ఇల్లు పూర్తి కాకపోతే తయారీ ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రతి ఐదుగురికీ ఒక ఇల్లు, 25 కలప. జాగా రెండుకు తగ్గేసరికి కట్టడం మొదలుపెట్టాలి. రెండోది క్యూ. షిఫ్ట్ పట్టుకుని ఒకేసారి ఐదుగురిని క్యూలో వేసేస్తే హాయిగా ఉంటుంది గాని 250 ఆహారం అక్కడ ఇరుక్కుపోతుంది. ఫ్యూడల్‌కు కావాల్సిన 500 సమయానికి చేతిలో ఉండదు. ఒకరు తయారవుతుండగా ఇంకొకరు క్యూలో ఉంటే చాలు.

మూడోది అడవిపంది, అసలు పరీక్ష ఇదే. పందిలో 340 ఆహారం ఉంది, గొర్రెలో 100. ఒక విలేజర్‌ను పంపి బాణం వేయించాలి. బాణం తగిలి పంది తిరగబడగానే వాణ్ణి టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించాలి. ఆ పరుగు జరుగుతుండగానే తర్వాతి విలేజర్‌ను నొక్కాలి, స్కౌట్‌కు దారి చూపాలి, ఇంటి జాగా పెట్టాలి, మళ్లీ పంది దగ్గరికి వచ్చి గొర్రెల మీదున్న వాళ్లను దానిమీదికి మళ్లించాలి. కన్ను ఒక్క రెండు సెకన్లు ఆలస్యమైతే వాడు నిలబడి బాణాలు వేస్తూనే చస్తాడు. తొందరపడి ముందే మళ్లిస్తే పంది దూరంగా పడుతుంది, అక్కణ్ణుంచి మాంసం మోయడానికే సగం సమయం పోతుంది. వాడికి ప్రాణం తక్కువగా ఉంటే టౌన్ సెంటర్ లోపలికి దూర్చడం మంచిది. ఈ తతంగమంతా కలిపి 15 సెకన్లలో పది ఆదేశాలు. నిమిషానికి లెక్కేస్తే 40! పది ఆదేశాలూ సరైన క్షణంలో, సరైన చోట పడటమే కష్టం. వేళ్లకన్నా ముందు అక్కడ ఉండాల్సింది కన్ను.

ఈ కన్ను సంగతి మీద కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. 16 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న 3,305 మంది స్టార్‌క్రాఫ్ట్-2 ఆటగాళ్ల రికార్డులు తీసుకుని, తెర కొత్త చోటికి జరిగాక మొదటి ఆదేశం ఇవ్వడానికి ఎంత సేపు పడుతోందో కొలిచారు. 24 ఏళ్ల దగ్గరే ఆ ఆలస్యం పెరగడం మొదలవుతోందని తేలింది. అయితే వయసు పెరిగినవాళ్లు తేలికైన వ్యూహాలు ఎంచుకుని, ఆట ఇచ్చే సౌకర్యాలను బాగా వాడుకుని ఆ లోటు పూడ్చుకుంటున్నట్టు కూడా కనిపించింది. బీటెక్ అయిపోయింది, ఇక మన వల్ల కాదనుకునేవాళ్లు రెండో సగం కూడా చదవాలి.

సాధన గురించి రాసి పంపమని అడిగేవాళ్లకు మేం చెప్పేది ఇదే. మొదటి వారం ప్రత్యర్థి లేకుండా, వేగం 1.0లో, ఫ్యూడల్ దాకా మాత్రమే ఆడండి. టౌన్ సెంటర్‌ను మౌస్‌తో నొక్కొద్దు. హెచ్ నొక్కితే ఎంపికవుతుంది, క్యూ (Q) అక్షరం నొక్కితే విలేజర్. హెచ్ కొట్టిన ప్రతిసారీ కన్ను మినీమ్యాప్ (తెర మూలనుండే చిన్న పటం) మీదికి పోవాలి. విడిగా ‘మ్యాప్ చూడాలి’ అనుకుంటే రెండో రోజుకే మరిచిపోతారు, మీటకు ముడివేస్తే మరవరు. ఆట అయ్యాక రికార్డు వేసుకుని, టౌన్ సెంటర్ ఆగిన ప్రతి చోటా సమయం, కారణం కాగితం మీద రాయండి. ఇల్లా, ఆహారమా, కన్నా అని. 10 నిమిషాల్లోపు చేరడం మూడుసార్లు వరసగా వస్తేనే 1.7కు మారండి. ఏపీఎం తనంతట తానే పెరుగుతుంది, దాన్ని చూడనక్కర్లేదు.

నిర్వాహకులకు కొన్ని మాటలు. షామియానా వాళ్ల టేబుల్ మీద పరిచిన గుడ్డ మీదే మౌస్ పెడుతున్నారు. గుడ్డ ముడత పడితే గురి పోయినట్టే. ఒకే రకం ప్యాడ్లు అందరికీ ఇవ్వండి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్కు తీసేయండి. అది ఉంటే చెయ్యి ఎంత వేగంగా కదిలిందన్న దాన్నిబట్టి బాణం గుర్తు దూరం మారుతుంది, చెయ్యికి కొలత కుదరదు. చవక కీబోర్డుల్లో కొన్ని మూడు మీటలు కలిపి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. నోట్‌ప్యాడ్ తెరిచి షిఫ్ట్, క్యూ, డబ్ల్యూ పట్టుకుని ‘ఈ’ (E) మీట కొట్టి చూడండి, అక్షరం పడకపోతే ఆ కీబోర్డు పక్కన పెట్టండి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2లో అందరి కంప్యూటర్లూ ఒకే అడుగులో నడవాలి. ఒక్కటి పాతదైతే మిగతా అందరికీ ఆట నత్తనడక నడుస్తుంది. ఆటలోనే ఉన్న బెంచ్‌మార్క్ (కంప్యూటర్ సత్తా కొలిచే పరీక్ష) ముందురోజు నడిపి, 1000 రాని సిస్టం తీసేయండి. వైఫై వద్దు, కేబుల్ లాగండి. కరెంటు సంగతి వేరే చెప్పాలా, యూపీఎస్ లేకుండా మే నెలలో పోటీ పెట్టొద్దు.

ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తు టేబుల్ కలిస్తే భుజం పైకి లేచి, మణికట్టు వెనక్కి వంగుతుంది. మోచెయ్యి టేబుల్ ఎత్తుకు వచ్చేలా కుర్చీ మీద కుర్చీ వేసైనా కూర్చోబెట్టండి. కొరియాలో నాలుగుసార్లు జీఎస్ఎల్ (స్టార్‌క్రాఫ్ట్-2 పెద్ద లీగు) గెలిచిన ఎంవీపీ అనే ఆటగాడు మణికట్టు, మెడ, నడుం నొప్పులతో సతమతమై 2014లోనే ఆట మానేశాడు. గంటకు పది నిమిషాల విరామం నిబంధనల్లోనే రాయండి. వేళ్లు మొద్దుబారినా, రాత్రి చెయ్యి తిమ్మిరెక్కినా పందెం కోసం ఆడించొద్దు.

తెర మీద ఏపీఎం బదులు ఏం వేయాలంటే, విలేజర్ల సంఖ్య. ఆట గడియారం సెకన్లను 25తో భాగించి మూడు కలపండి. ఐదో నిమిషానికి 15 రావాలి. 12 ఉంటే 75 సెకన్లు టౌన్ సెంటర్ ఊరికే కూర్చుందని చివరి వరసలో కూర్చున్న ప్రేక్షకుడికీ తెలుస్తుంది. చోటు సరిపోదంటారేమో, ఏపీఎం తీసేసిన చోటు చాలు.

ఇట్లు,
స్ట్రాటజీ ఆటలు నేర్పే కొందరు,
నెల్లూరు