తాబేళ్ల కాలంలో బడిపిల్లలకు పని అప్పగించాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

ఏటా జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరుపుకొంటాము. వేసవి సెలవుల తరువాత మన రాష్ట్రంలో బడులు తెరిచేది మాత్రం సాధారణంగా జూన్ 12న. అంటే పిల్లలు లేని రోజున బడిలో పిల్లల కార్యక్రమం జరుగుతున్నదన్నమాట. ఊళ్లో అందుబాటులో ఉన్న నలుగురు పిల్లలను పిలిపించి, మొక్క చుట్టూ నిలబెట్టి, ఫొటో తీసి పైఅధికారులకు పంపే పని ఉపాధ్యాయుడిగా నేనూ చేసినవాణ్నే కనుక ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ మొక్కలు వానాకాలం గట్టెక్కినా, ఏప్రిల్ నెలాఖరున సెలవులిచ్చాక నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయేవి. మళ్లీ జూన్‌లో అవే గుంతల్లో కొత్తవి నాటేవాళ్లము.

పిల్లలు బడిలో ఉండే కాలంలోనే, మన విశాఖ తీరంలో, వారి చేతులకు తగిన పని ఒకటి ఏటా వచ్చిపోతున్నది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో లాగా ఇక్కడ లక్షల్లో ఒక్కసారిగా రావు. రాత్రివేళ ఒకటీ అరా వచ్చి, వెనక కాళ్లతో ఇసుకలో గుంత తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. కుక్కలు తవ్వి తినేయకముందే ఆ గుడ్లను ఏరి, అటవీ శాఖవారి సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. రాత్రంతా తీరం వెంట తిరిగి గుడ్లు సేకరించే వారిలో ఎక్కువమంది మత్స్యకార యువకులే.

నేను తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలను ఒక తెల్లవారుజామున తీరానికి తీసుకువెళ్లాను. ఇసుక మీద తాబేలు జాడ కనబడగానే గుడ్లు ఎక్కడున్నాయోనని అందరమూ వెతకసాగాము. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక మత్స్యకారుల అబ్బాయి, జాడ ఎక్కడా ఆగకుండా వంపు తిరిగి నేరుగా నీళ్లలోకి పోయిందనీ, ఇది గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగిన తాబేలనీ చెప్పాడు. పాఠ్యపుస్తకంలో లేని ఆ సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. నగరంలోని ప్రైవేటు పాఠశాలల విద్యార్థులను, తీరగ్రామాల ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను ఒకే జట్టుగా పంపాలని నేను కోరడానికి కారణం ఇదే.

చెన్నైలో 1988లో విద్యార్థులే స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే బృందంగా ఏర్పడి, నీలాంకరై, బీసెంట్ నగర్ తీరంలో రాత్రి నడకలు మొదలుపెట్టారు. ఒక తరం విద్యార్థులు వెళ్లిపోగానే మరో తరం అందుకోవడం వల్ల ఆ పని దశాబ్దాలుగా సాగుతూ వచ్చింది. మన దగ్గర బడిపిల్లలను రాత్రిపూట తిప్పమని నేను అనడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేళ్లు ఉన్నాయి కనుక అనుమతి లేకుండా గుడ్లను ముట్టుకోవడమూ కుదరదు. అయినా చేయదగిన పనికి కొదవ లేదు. తెల్లవారుజామున జాడలను, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయి కొట్టుకువచ్చిన తాబేళ్లను లెక్కించి తేదీలవారీగా రాయవచ్చు. గుడ్లు పాతిన చోట ఇసుక వేడిని రోజూ కొలవవచ్చు. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయన్న పాఠం అక్కడ థర్మామీటరు చేతపట్టుకుని నేర్చుకున్నవాడు జన్మలో మరచిపోడు. తీరాన్ని ఆనుకుని ఉన్న హోటళ్ల యజమానులను కలిసి, సముద్రం వైపు దీపాలు ఆర్పమని అడగవచ్చు. ఆ వెలుగు చూసే తాబేలు పిల్లలు దారి తప్పి రోడ్ల మీదికి వస్తున్నాయి. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే రోజున సెల్ఫీల కోసం ఎగబడే పెద్దవాళ్లను వెనక్కి జరపడానికి కూడా మనుషులు కావాలి. ఆ పని బడిపిల్లలే బాగా చేస్తారని నా నమ్మకం.

ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. 2001-02లో మొదలైన జాతీయ హరిత దళం కింద పాఠశాలల్లో పర్యావరణ క్లబ్బులు ఉండనే ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నది. వాటిని ఒకే వారంలో ముగించేయకుండా జనవరి నుంచి ఏప్రిల్ వరకు శనివారాలకు పంచితే సరిపోతుంది. పదో తరగతి వారికి మార్చిలో పరీక్షలుంటాయి కనుక ఎనిమిది, తొమ్మిది తరగతుల వారే దీనికి తగినవారు. కళాశాలల్లో జాతీయ సేవా పథకం వాలంటీర్లకు రెండేళ్లలో 240 గంటల సేవను లెక్కగట్టినట్లే, వీరి గంటలను కూడా నమోదు చేసి ధ్రువపత్రం ఇవ్వాలి.

అటవీ, విద్యా శాఖలు కలిసి డిసెంబరులోగా ఒక ఉత్తర్వు వెలువరించి, ఏ పాఠశాలకు తీరంలో ఏ భాగమో, వెంట ఉండే అటవీ సిబ్బంది ఎవరో, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలో అందులో స్పష్టం చేయాలని కోరుతున్నాను. ఉదయం 5 గంటలకు పిల్లలను తీరానికి చేర్చే వాహనం ఖర్చు ఎవరిదో కూడా దయచేసి అందులోనే రాయండి. ఆనాటి మా ప్రయత్నం రెండో శనివారానికే ఆగిపోయింది ఆ ప్రశ్న దగ్గరే.

ఇట్లు
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
భీమునిపట్నం