సమాధి రాళ్ల మీది మామూలు మనుషులు

సంపాదకులు గారికి నమస్కారం.

రోమన్ సామ్రాజ్యంలో తొలి క్రైస్తవుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చక్రవర్తులు, హింసలు, సింహాలు అన్నీ ఉన్నాయి. పక్కన వేసిన సమాధి ఫలకం ఫొటో కింద మాత్రం 'అమరవీరుల సమాధి' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. రాతి మీద అక్షరాలు చెక్కి బతికినవాణ్ణి, అది నాకు మింగుడుపడలేదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ట్రియర్ మ్యూజియంలో ఇలాంటి ఫలకాలు తనివితీరా చూశాను. నాలుగో శతాబ్దంలో చక్రవర్తులు నివాసమున్న నగరం అది. ఊళ్లో శవాన్ని పూడ్చకూడదన్నది రోమన్ల చట్టం కాబట్టి శ్మశానాలు గోడల బయటే ఉండేవి. ఉత్తరాన సెయింట్ మాక్సిమిన్, సెయింట్ పౌలిన్, దక్షిణాన సెయింట్ మథియాస్ చర్చిలు లేచింది ఆ శ్మశానాల మీదే. తొలి క్రైస్తవ శాసనాలు ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన ఇన్ని మరెక్కడా దొరకలేదు. వాటిలో ఎక్కువ భాగం క్రైస్తవులకు మతస్వేచ్ఛ దొరికిన 313 తర్వాతివి. అంటే వీళ్లంతా సింహాల నోట పడినవాళ్లు కాదు, ఇళ్లలో పోయిన మామూలు జనం.

చాలావరకు చిన్న పాలరాతి పలకలు. కొన్నింటి మీద అక్షరం వంకర పోకుండా ముందుగా గీసుకున్న సన్నగీతలు ఇంకా కనిపిస్తాయి. మొదటి వరుసలో దర్జాగా మొదలైన అక్షరాలు చివరికి చోటు చాలక ఇరుక్కుంటాయి. లాటిన్‌ను నోటితో పలికినట్టే చెక్కేసిన తప్పులూ ఉన్నాయి. 'ఇక్కడ శాంతిగా విశ్రమిస్తున్నాడు' అని మొదలుపెట్టి పేరు, బతికిన కాలం, రాయి వేయించినవారెవరో చెబుతారు. కింద క్రీస్తు గుర్తు, అటూ ఇటూ పావురాలు. పసిపిల్లలకైతే ఏళ్లతో ఆగరు, నెలలు, రోజులు కూడా లెక్కగట్టి చెక్కించారు. పాత రోమన్ రాళ్ల మీద గొప్పగా కనిపించే పదవులు, హోదాలు ఇక్కడ చాలా అరుదు.

ఉర్సినియానస్ అనే సబ్‌డీకన్ (డీకన్ కింద పనిచేసే చర్చి సేవకుడు) ఫలకం ఒకటుంది. 33 ఏళ్లు బతికాడు. పునీతుల సమాధుల సరసన చోటు దక్కించుకున్నాడనీ, టార్టరస్ (పాతాళం) ఉగ్రత అతణ్ణి ఏమీ చేయలేదనీ అందులో రాసుంది. చర్చి సేవకుడి సమాధి మీద పాత దేవతల కాలంనాటి పాతాళం! కొత్త నమ్మకం వచ్చినంత మాత్రాన పాత భయం ఒక్కరోజులో పోదని నాకు ఏ చరిత్ర పుస్తకం కన్నా ఆ రాయే బాగా చెప్పింది. ఫలకం వేయించింది భార్య లుడులా. ఆమె పేరు మనదాకా వచ్చింది ఆ ఒక్క వరుస వల్లే.

ఈసారి ఇలాంటి ఫొటో వేసినప్పుడు అక్షరాలు కనిపించేంత పెద్దదిగా వేసి, శాసనం మొత్తానికి తెలుగు అర్థం, అది ఏ శ్మశానంలో దొరికిందన్న వివరం కింద ఇవ్వమని మనవి. స్థలం చాలకపోతే చక్రవర్తుల బొమ్మ ఒకటి తగ్గించినా పర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు