మరమ్మతుకు పంపిన పొగాకు పైపు మీద ఆనవాళ్ళు చెరిపేసినందుకు ఫిర్యాదు

మరమ్మతు విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: నేను పంపిన, డబ్లిన్ పీటర్సన్ కంపెనీ వారి పాత సిస్టమ్ పైపు మీది ముద్రలు చెరిగిపోవడం, అసలు స్టెమ్ (నోట పెట్టుకునే భాగం) తిరిగి రాకపోవడం, తప్పు సంవత్సరంతో ధ్రువపత్రం ఇవ్వడం గురించి.

మీరు తిప్పి పంపిన పైపు గత వారం అందింది. పెట్టె విప్పగానే ఇంకెవరిదో పొరపాటున నాకు వచ్చిందనుకున్నాను. అద్దంలా మెరుస్తోంది, రంగు ముదురు ఎరుపు. నా పైపు లేత గోధుమరంగులో ఉండేది. పొగాకు నింపే గిన్నె ఎడమ పక్కన బ్రయర్ కొయ్య చారల మధ్య కందిగింజంత నల్ల మచ్చ ఒకటుంది. అది కనబడ్డాకే నాదని గుర్తుపట్టాను. నేను పొగ తాగను. ఇరవై ఏళ్ళుగా పాత పైపులు సేకరిస్తున్నాను, వాటి వయసు తేల్చడం, చేతనైనంతవరకు బాగుచేయడం నా ఇష్టమైన పని. స్టెమ్ పని నా చేతికి మించిందనిపించి, ఇందులో అనుభవం ఉన్నవారని మీకు పంపాను.

నేను అడిగినవి మూడే పనులు. స్టెమ్ చివర పంటి గాట్లు పూడ్చాలి, షాంక్ (గిన్నె నుంచి స్టెమ్ దాకా ఉండే కొయ్య కాడ) చివర వదులైన వెండి పొన్నును మళ్ళీ బిగించాలి, గిన్నె లోపల పేరుకున్న కేక్‌ను, అంటే మసి పొరను, పలచన చేయాలి. వీటి కింద ఇంకో వాక్యం కూడా రాశాను: "షాంక్ మీది అక్షరాలను, వెండి మీది ముద్రలను ముట్టుకోవద్దు." ఆ కాగితం నకలు నా దగ్గరుంది, దీనితో జతచేస్తున్నాను. పంపేముందు నాలుగు వైపులా తీసిన ఫొటోలు కూడా పెడుతున్నాను.

ముందు షాంక్ సంగతి. దాని మీద 'ఐరిష్ ఫ్రీ స్టేట్' అని మూడు మాటలు చెక్కి ఉండేవి. ఇప్పుడు 'ఫ్రీ' అన్న మాట మిగిలింది, దాని పక్కన ఒకటిన్నర అక్షరం. అటూ ఇటూ కొయ్య నున్నగా పల్లం పడింది. మెరుగు పెట్టే బఫింగ్ చక్రానికి గట్టిగా ఒత్తి పట్టుకుంటే తప్ప ఇలా కాదు. పాత పైపు వయసు తెలుసుకోవాలంటే మొట్టమొదట చూసేది ఏ దేశంలో చేశారో చెప్పే ఆ ముద్రనే. ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే రాజ్యం 1922 డిసెంబరులో పుట్టింది, 1937 డిసెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చి ఆ పేరు పోయింది. ఆ తర్వాతి పైపుల మీద 'ఐరే' అని, 1949లో గణతంత్రం అయ్యాక 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్' అని ముద్రలు మారుతూ వచ్చాయి. అంటే చెరిగిపోయిన ఆ అక్షరాలే నా పైపును పదిహేనేళ్ళ కాలంలో నిలబెట్టిన ఆధారం. వేల పైపులు ఆ కాలంలో తయారై ఉండవచ్చు, కాని ముద్ర స్పష్టంగా నిలిచినది దొరకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్న మీకు నేను చెప్పాలా?

ఆ పదిహేనేళ్ళలో ఏ ఏడు అన్నది వెండి పొన్ను చెప్పేది. డబ్లిన్‌లో పరీక్షించిన వెండి అది. కూర్చున్న హైబర్నియా (ఐర్లాండ్‌కు ప్రతీకైన స్త్రీ) బొమ్మ, కిరీటం పెట్టిన హార్ప్ అనే తీగల వాద్యం, పక్కనే సంవత్సరాన్ని సూచించే అక్షరం, పీటర్సన్ వారి కె అండ్ పి గుర్తు. హార్ప్ ముద్ర 1637 నుంచి డబ్లిన్ కంసాలుల సంఘం వాడుతున్నది. సంవత్సరం అక్షరం ఏదో ఒక్కటే తెలిస్తే చాలదు. అక్షరమాల అయిపోయాక మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ఒకే అక్షరం రెండుమూడు వేర్వేరు కాలాల్లో వస్తుంది. అది పెద్దదా చిన్నదా, ఏ రకం అచ్చు, చుట్టూ ఉన్న డాలు అంచు గుండ్రమా కోసుగా ఉందా అన్నవాటిని బట్టి తేలుతుంది. ఆ డాలు అంచే మీ పాలిష్‌లో అరిగిపోయింది. భూతద్దం కింద పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పితిప్పి చూశాను. హైబర్నియా ఒక మసక గీత, అక్షరం ఒక గుంట. అంతే.

పొన్నులు మార్చేసిన పాత పైపులు బోలెడన్ని తిరుగుతుంటాయి. అందుకే వెండి చెప్పే ఏడు, కొయ్య చెప్పే కాలం ఒకదానితో ఒకటి కుదిరితేనే మేం నమ్ముతాం. నా పైపులో ఆ రెండూ కుదిరాయి. ఒకే చేత్తో, ఒకే రోజున ఆ రెండు సాక్ష్యాలూ పోయాయి.

ఇక స్టెమ్. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను పంపినది వల్కనైట్ అనే గట్టి రబ్బరు స్టెమ్, పి-లిప్ అనే రకం చివర గలది. మామూలు స్టెమ్‌లో రంధ్రం సూటిగా నాలుక మీదికి తెరుచుకుంటుంది. పి-లిప్‌లో అది పైకి తెరుచుకుని పొగను అంగిలి వైపు పంపుతుంది. చార్లెస్ పీటర్సన్ 1898లో పేటెంట్ పొందిన ఆలోచన అది. దాని రెండో కొసన ఎముకతో చేసిన సన్నటి గొట్టం మరలతో బిగించి ఉండేది. గిన్నె నుంచి వచ్చే పొగలోని తేమ ఆ గొట్టం పక్కగా జారి, షాంక్‌లో అడుగున తొలిచిన గుంటలో చేరుతుంది. సిస్టమ్ అన్న పేరుకు అర్థమే ఆ అమరిక. తర్వాతి కాలంలో ఎముక పోయి అల్యూమినియం వచ్చింది. అందువల్ల ఎముక గొట్టం చెక్కుచెదరకుండా ఉన్న స్టెమ్ దానికదే ఒక సాక్ష్యం. ఎండిన ఎముక సులువుగా విరుగుతుంది, చాలా పైపుల్లో ఎప్పుడో పోయి ఉంటుంది. నా దానిలో ఉండేది.

మీరు పంపిన పైపుకు నల్లటి అక్రిలిక్ స్టెమ్ తొడిగి ఉంది. చివర చేపతోకలా వెడల్పుగా ఉన్న మామూలు రకం. ఎముక గొట్టం లేదు, అల్యూమినియం గొట్టం కూడా లేదు. కనుక షాంక్‌లోని గుంట ఉన్నా దాని పని అది చేయదు. ఇది తొడిగే రకం కూడా వేరు. సిస్టమ్ స్టెమ్ కొస సన్నబడుతూ పోయి పొన్నులోకి బిగుతుగా దిగి కూర్చోవాలి. మీది సగంలో ఆగి, పట్టుకుంటే అటూ ఇటూ ఊగుతోంది. అలా ఊగే ప్రతిసారీ భారం వెండి అంచు మీద, దాని కింది సన్నటి కొయ్య మీద పడుతుంది. షాంక్‌కు పగులు వచ్చేది అక్కడే.

పాత స్టెమ్ ఏమైందని మీకు ఫోన్ చేసి అడిగాను. రంగు మారిపోయింది, పంటి గాట్లున్నాయి, పనికిరాదనుకున్నాం అన్నారు. వల్కనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలితే పైపొర పసుపుపచ్చగా, గోధుమగా మారుతుంది. అది చెడిపోవడం కాదు. ఓపికగా రుద్దితే కింద నలుపు అలాగే ఉంటుంది. పంటి గాట్ల సంగతికొస్తే, వల్కనైట్‌ను జాగ్రత్తగా వేడిచేస్తే లోతు తక్కువ నొక్కులు వాటంతటవే పైకి లేస్తాయి. లేవని వాటిని సూపర్ గ్లూలో బొగ్గుపొడి కలిపి నింపి, ఆరాక సన్నటి ఆకురాయితో ఆకారం తెచ్చి, తడి శాండ్ పేపర్‌తో 400 నంబరు గరుకు నుంచి 2000 దాకా మెట్లుమెట్లుగా నునుపు చేస్తారు. పి-లిప్ అంచు తీరు పోకుండా చేయడం మాత్రం నేర్పున్న చేతికే సాధ్యం. అందుకే కదా మీకు పంపింది.

గిన్నె లోపలి కేక్‌ను ఒక మిల్లీమీటరు ఉండేలా తగ్గించమన్నాను. డ్రిల్‌తో కొయ్య దాకా గీకేశారు. అది మధ్యలో కాక ఒక పక్కకు జరగడంతో ఆ పక్క గోడ పలచబడింది. గిన్నె అంచు మీది మసి మరక పోవడానికి అంచునే అరగదీశారు. ఫొటోతో కొలిచి చూస్తే ఎత్తు మూడు మిల్లీమీటర్లు తగ్గింది. ఆ మసి తడి బట్టతో తుడిస్తే పోయేది. ఎరుపు రంగు నేను అడగలేదు.

ఇక ధ్రువపత్రం. అడగకుండానే అందంగా ముద్రించి జతచేశారు. అందులో "తయారైన సంవత్సరం 1890" అని ఉంది. 1890 పీటర్సన్ సిస్టమ్‌కు మొదటి పేటెంట్ వచ్చిన ఏడు. పైపు మీద 'పేటెంట్' అన్న మాట కనబడితే, పేటెంట్ ఏడాదినే తయారీ ఏడాదిగా వేసినట్టున్నారు. పేటెంట్ వచ్చాక దశాబ్దాల పాటు ఆ నమూనాలో పైపులు తయారవుతూనే వచ్చాయి. మీ చక్రం కింద మిగిలిన ఆ 'ఫ్రీ' ఒక్క మాట చదివినా 1922కు ముందుది కాదని తెలిసిపోతుంది. ఈ పత్రం తెలియనివారి చేతికి వెళితే, ఒక పదిహేనేళ్ళ కాలానికి నమ్మకంగా చెందిన పైపు, లేని పాతదనంతో అమ్మకానికి వస్తుంది. నేను ఆ పని చేయను. నా తర్వాత దీన్ని ఎవరు దాచుకుంటారో వాళ్ళు చేయరని నేనెలా చెప్పగలను?

ఫోన్‌లో మీ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. చెరిగిన అక్షరాలను లేజర్‌తో మళ్ళీ చెక్కిస్తామని, వెండి ముద్రలు కూడా తిరిగి వేయించవచ్చని అన్నారు. దయచేసి ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి. కొత్తగా చెక్కిన అక్షరం ఆ రోజు డబ్లిన్‌లో పడిన ముద్ర కాదు, దాని నకిలీ. వెండి మీద హాల్‌మార్క్‌ను అధికారం లేకుండా మళ్ళీ వేయడం చాలా దేశాల్లో నేరం కూడా.

కాబట్టి నా కోరిక ఇది. 1890 అని రాసిన పత్రాన్ని రద్దు చేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. నేను కట్టిన మొత్తం తిరిగి ఇవ్వండి. మరమ్మతుకు ముందు, చేస్తున్నప్పుడు మీరు తీసుకున్న ఫొటోలు ఏవైనా ఉంటే అన్నీ పంపండి. ముఖ్యంగా వెండి ముద్రల మీద పాలిష్ పడకముందు తీసినవి. కొయ్య, వెండి ఇక రావు కాబట్టి, ఫొటోలే ఆ సాక్ష్యాన్ని కొంతైనా కాపాడతాయి. ఇకపై ఎవరి పైపైనా చక్రం దగ్గరికి వెళ్ళేముందు అక్షరాల మీద టేపు అంటించాలన్న నియమం మీ పనివారికి పెట్టండి. ఆ టేపుకు అయ్యే ఖర్చు ఏపాటిది?

పాత స్టెమ్ మీ దగ్గరే ఎక్కడో చెత్తబుట్టలోనో, విడిభాగాల డబ్బాలోనో ఉండవచ్చు. దయచేసి ఈ ఉత్తరం అందిన రోజే వెతికించండి. ఎముక గొట్టం విడిపోయి ఉంటే దాన్ని కూడా వేరుగా వెతకండి. రెండంగుళాలైనా ఉండదు, పాలిపోయిన రంగు, ఒక కొసన మరలుంటాయి. దొరికితే శుభ్రం చేయకండి, రుద్దకండి, వేడినీళ్ళలో వేయకండి. ఎలా ఉందో అలాగే దూదిలో చుట్టి పంపండి.

ఇట్లు,
మీ వినియోగదారు

జతచేసినవి: పని ఆదేశం నకలు, పంపేముందు తీసిన ఫొటోలు, అందాక తీసిన ఫొటోలు, మీరిచ్చిన ధ్రువపత్రం నకలు.